ఓట్ల కుప్ప, సీట్ల కుంచం

ఈ మధ్య కృష్ణా డెల్టాలో ఒక ఊరి పాలెంలో వ్యవసాయ కార్మికుల సమావేశానికి వెళ్లాం. కూలి రేట్లు, ఇళ్ల స్థలాలు, కౌలు కార్డులు – మాటలన్నీ అయ్యాక వెనక కూర్చున్న ఒక పెద్దాయన లేచాడు. ఎనభై దాటిన మనిషి. చేతికర్ర ఊతంతో నిలబడి మమ్మల్ని ఒక ప్రశ్న వేశాడు.

“బాబూ, ఆంధ్ర రాష్ట్రం వచ్చినాక జరిగిన ఎలక్షన్లు నాకు గుర్తున్నయ్యి. నేనప్పుడు పశువుల కాడ ఉండే పిల్లోణ్ణి. మా నాయన కంకి కొడవలి పెట్టెలో యేశాడు. ఈ పాలెం పాలెమంతా యేసింది. ఊరు ఊరంతా ఎర్రజెండాలే. మరి పదిహేను సీట్లే వచ్చినయ్యని చెప్పారు. మా ఓట్లన్నీ యేవైనట్టు?”

డెబ్బై యేళ్లుగా ఆయన మనసులో ఉండిపోయిన ప్రశ్న అది. కుర్రాళ్లు కొందరు నవ్వారు. కాని అది నవ్వవలసిన ప్రశ్న కాదు. ఓటు వేసి ఓడిన ప్రతి కూలీ, ప్రతి కౌలుదారూ ప్రతి ఎన్నిక తర్వాతా వేసుకునే ప్రశ్నే. అక్కడ రెండు ముక్కల్లో జవాబు చెప్పాం. ఇక్కడ వివరంగా చెప్పుకుందాం.

1955లో ఏం జరిగింది?

1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. ప్రకాశం పంతులుగారు ముఖ్యమంత్రి. అప్పటి శాసనసభ కొత్తగా ఎన్నికైనది కాదు. 1952 ఎన్నికలలో మద్రాసు శాసనసభకు ఆంధ్ర జిల్లాల నుండి గెలిచిన సభ్యులే ఇక్కడ కూర్చున్నారు. ఆ 1952 ఎన్నికలలో ఆంధ్ర జిల్లాలలోని 140 స్థానాలలో కమ్యూనిస్టులు 41 గెలిచారు. కాంగ్రెసు పెద్దలు ఎందరో ఓడారు. అనంతపురంలో తరిమెల నాగిరెడ్డి చేతిలో నీలం సంజీవరెడ్డి ఓడిపోయారు.

ప్రకాశంగారి మంత్రివర్గం 1954 నవంబరులో మద్యనిషేధం సమస్య మీద, ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. రాష్ట్రపతి పాలన వచ్చింది. 1955 ఫిబ్రవరిలో కొత్త శాసనసభకు ఎన్నికలు జరిగాయి. స్థానాలు 196. ఈసారి కమ్యూనిస్టులే ప్రభుత్వం ఏర్పాటు చేస్తారని మిత్రులూ అనుకున్నారు, శత్రువులూ అనుకున్నారు. ఢిల్లీ దాకా గుబులు పుట్టింది.

ఫలితాలు వచ్చాయి. కాంగ్రెసుకు 119 స్థానాలు. దానితో జత కట్టిన ఆచార్య రంగాగారి కృషికార్ లోక్ పార్టీకి 22, ప్రకాశంగారి ప్రజా పార్టీకి 5. మూడూ కలిపి 146. ప్రజా సోషలిస్టులకు 13, స్వతంత్రులకు 22. కమ్యూనిస్టులకు 15.

ఇవి సీట్లు. ఇప్పుడు ఓట్లు చూడండి. కాంగ్రెసుకు నూటికి 39.35. కమ్యూనిస్టులకు నూటికి 31.13. అంటే ఓటు వేసిన ప్రతి నూరుగురిలో 31 మంది కంకి కొడవలికే వేశారు. 1952 నాటి కంటె ఈ వాటా పెరిగింది, తరగలేదు. ఓట్ల పాలు ప్రకారమే సీట్లు పంచితే సుమారు 61 రావాలి. వచ్చింది 15. కాంగ్రెసు పాలు లెక్కిస్తే సుమారు 77. దానికి దక్కింది 119.

పెద్దాయన వాళ్ల నాయన ఓటు ఎవరూ ఎత్తుకుపోలేదు. అది కంకి కొడవలి లెక్కలోనే పడింది, అక్కడే ఉంది. లెక్కలో పడ్డ ఓటు సీటుగా మారలేదు, అంతే. ఎందుకు మారలేదన్నదే అసలు సంగతి.

కుంచం ఎవరి చేతిలో ఉంది?

కళ్లంలో కుప్ప నూర్చినాక రాశి ఎంతుందో కూలివానికి కంటితోనే తెలుసు. కాని కూలి గింజలు కొలిచే కుంచం వేరు. కుప్ప పెద్దదైనంత మాత్రాన మన వాటా పెరగదు. మన ఎన్నికల పద్ధతీ అటువంటి కుంచమే. నియోజకవర్గంలో అందరి కంటె ఒక్క ఓటు ఎక్కువ వచ్చినవాడే మొత్తం పట్టుకుపోతాడు. రెండోవాడికి ఎన్ని వచ్చినా సున్నాయే.

ఒక నియోజకవర్గంలో వంద ఓట్లు పోలయ్యాయనుకుందాం. కంకి కొడవలికి 31 వచ్చాయి. మిగిలిన 69 ఓట్లు మూడు పార్టీల మధ్య 28, 25, 16గా చీలాయి. గెలుపు 31ది. 1952లో చాలాచోట్ల జరిగింది ఇదే. కాంగ్రెసు ఒక దారి, కిసాన్ మజ్దూర్ ప్రజా పార్టీ ఒక దారి, కృషికార్ లోక్ పార్టీ ఒక దారి. సంపన్న రైతుల ఓటు మూడు పాయలుగా పారింది.

1955లో ఆ పాయలన్నీ ఒక కాలువలో పెట్టారు. కాంగ్రెసు, కృషికార్ లోక్, ప్రజా పార్టీలు సీట్లు పంచుకుని ఐక్య కాంగ్రెసు ఫ్రంటుగా నిలబడ్డాయి. ఆ 69లో 50 ఓట్లు ఒకే అభ్యర్థికి పడ్డాయనుకోండి. అప్పుడు 31 ఓడిపోయింది. కంకి కొడవలి ఓట్లలో ఒక్కటి కూడా తగ్గలేదు. తగ్గకుండానే ఓడిపోయింది. రాష్ట్రం మొత్తం మీద ఫ్రంటు ఓట్లు కలిపితే సగానికి దగ్గరగా తేలాయి. భూమి ఉన్నవాడు తన తగాదాలు పక్కన పెట్టి ఒకచోట చేరాడు. భూమి లేనివాడి ఓటు ఒంటరిగా నిలబడింది. 1955 ఫలితం సారం ఇదే.

పొత్తు ఒక్కటే కారణమా?

కాదు. అలా చెప్పుకుంటే మనల్ని మనం మోసం చేసుకున్నట్టే. ఇంకా మూడు సంగతులున్నాయి.

మొదటిది: ఎన్నికలకు కొద్ది వారాల ముందే, 1955 జనవరిలో, మద్రాసు దగ్గర ఆవడిలో కాంగ్రెసు మహాసభ జరిగింది. సోషలిస్టు తరహా సమాజమే తమ ధ్యేయమని తీర్మానం చేసింది. నిన్నటిదాకా ఎర్రజెండా కింద వినిపించిన మాట ఇప్పుడు కాడెద్దుల జెండా కింద కూడా వినిపించింది. ఆ రోజుల్లో కాంగ్రెసు గుర్తు కాడెద్దులు, కమ్యూనిస్టుల గుర్తు కంకి కొడవలి. రెండూ రైతు ఇంట్లో వస్తువులే. “ఇద్దరూ అదే చెపుతున్నారు గదా, గొడవ లేనివాడికే వేద్దాం” అనుకున్న చిన్న రైతులు తక్కువేమీ కాదు.

రెండవది: అదే జనవరిలో సోవియట్ పత్రిక ప్రావ్దా నెహ్రూ విదేశాంగ విధానాన్ని మెచ్చుకుంటూ సంపాదకీయం రాసింది. కాంగ్రెసు దాన్ని అచ్చు వేయించి పంచింది. “మీ రష్యావాళ్లే మా నెహ్రూని మెచ్చుకుంటున్నారు, ఇక మీరెందుకు?” అని సభలలో అడిగింది. కార్యకర్తలు గొంతులో వెలక్కాయ పడ్డట్టయ్యారు. దూరాన ఉన్న మిత్రుడి మాట ఊళ్లో మన ఓటుకు అడ్డం పడటం అంటే అది.

మూడవది, అన్నింటికంటె ముఖ్యమైనది: చిన్న రైతు భయం. కమ్యూనిస్టులు వస్తే ఉన్న ఎకరం కూడా పోతుందని, గుళ్లూ గోపురాలూ ఉండవని ప్రచారం ముమ్మరంగా సాగింది. పెద్ద పత్రికలు దానికి బాకా ఊదాయి. వంద ఎకరాల ఆసామి తన వంద ఎకరాల కోసం పోరాడితే వింత లేదు. కాని ఎకరంన్నర రైతు కూడా తన ఎకరంన్నర కోసమే అనుకుని ఆ వంద ఎకరాలకు కాపలా కాశాడు. ఆ రైతు ఇంటికి పోయి, అరుగు మీద కూర్చుని, “నీ ఎకరంన్నర జోలికి ఎవరూ రారు, నీ శిస్తు తగ్గాలనే మా కొట్లాట” అని నమ్మకంగా చెప్పవలసినంతగా చెప్పలేదు. ఊరేగింపులు పెద్దవి కనిపిస్తే గెలిచామనుకున్నారు. ఊరేగింపుకు రానివాడు కూడా ఓటు వేస్తాడు గదా!

అదే ముప్పై తొమ్మిది

ఇది ఒక్క 1955 కథే అయితే చరిత్ర పుస్తకానికి వదిలేయవచ్చు. అదే కుంచం ఇప్పటికీ కొలుస్తున్నది. ఒకే అంకె ఎన్ని వేషాలు వేసిందో చూడండి.

1955లో నూటికి 39.35 ఓట్లతో కాంగ్రెసు 196లో 119 గెలిచి ప్రభుత్వం ఏర్పాటు చేసింది. బెజవాడ గోపాలరెడ్డి ముఖ్యమంత్రి అయ్యారు.

1957లో కేరళలో కమ్యూనిస్టులు నూటికి 35 పైచిలుకు ఓట్లతో 126లో 60 స్థానాలు గెలిచి, స్వతంత్రుల మద్దతుతో ఇ.ఎం.ఎస్. నంబూద్రిపాద్ నాయకత్వాన ప్రభుత్వం ఏర్పాటు చేశారు. కౌలుదార్లను భూముల నుండి వెళ్లగొట్టడాన్ని ఆపడం ఆ ప్రభుత్వం మొదట చేసిన పనులలో ఒకటి. 1959 జులైలో కేంద్రం దాన్ని బర్తరఫ్ చేసింది. 1960లో మళ్లీ ఎన్నికలు. కమ్యూనిస్టుల ఓట్లు నూటికి 39 దాటాయి. స్థానాలు 29కి పడిపోయాయి! కాంగ్రెసు, ప్రజా సోషలిస్టులు, ముస్లిం లీగు ఒక్కటయ్యారు. మన 1955 పాఠాన్నే అక్కడ మళ్లీ చదివారు.

2019లో ఆంధ్రప్రదేశ్‌లో తెలుగుదేశానికి నూటికి 39.17. స్థానాలు 175లో 23. వైయస్ఆర్ కాంగ్రెసుకు నూటికి 50కి ఒక వెంట్రుక తక్కువ. స్థానాలు 151.

2024లో ఓడలు బండ్లయ్యాయి. వైయస్ఆర్ కాంగ్రెసుకు నూటికి 39.37. స్థానాలు 11. తెలుగుదేశం, జనసేన, బిజెపి కలిసి నిలబడి 164 గెలిచాయి.

ఈ రెంటి మధ్య, 2023 డిసెంబరులో, తెలంగాణలో కాంగ్రెసుకు నూటికి 39.40. స్థానాలు 119లో 64. ప్రభుత్వమే చేతికొచ్చింది. రెండు పాళ్లు మాత్రమే వెనుకబడిన బి.ఆర్.ఎస్.కు 39 స్థానాలు.

నూటికి ముప్పై తొమ్మిది! ఒకచోట అది గద్దె. ఇంకొకచోట పదకొండు కుర్చీలు. ఎదుటివాళ్లు విడిపోతే ముప్పై తొమ్మిది గద్దెనెక్కిస్తుంది. ఎదుటివాళ్లు కలిస్తే అదే ముప్పై తొమ్మిది మట్టి కరిపిస్తుంది. కనుక “ప్రజలు తుడిచిపెట్టేశారు” అని పత్రికలు రాసిన మర్నాడు కంగారు పడవద్దు. “ప్రజలంతా మావెంటే” అని గెలిచినవాడు అన్నప్పుడు నమ్మనూవద్దు. తుడిచిపెట్టుకుపోయింది సీట్లు. మనుషులు ఊళ్లోనే ఉన్నారు.

ఈ కుంచం ఎర్రజెండాను ప్రతిసారీ 1955లో లాగా కొలవలేదని కూడా దాచకుండా చెప్పాలి. 1962లో ఆంధ్రప్రదేశ్ మొత్తానికి జరిగిన ఎన్నికలలో కమ్యూనిస్టు పార్టీకి నూటికి 20 లోపే ఓట్లు. స్థానాలు మాత్రం 300లో 51. తెలంగాణ జిల్లాలు కలిశాయి, నిజమే. దానితోపాటు 1955 నాటి ఫ్రంటు కూడా చెదిరిపోయింది. రంగాగారు అప్పటికి స్వతంత్ర పార్టీ నాయకులు. మళ్లీ 1994లో తెలుగుదేశంతో పొత్తులో సిపిఐకి 19, సిపిఎంకు 15 వచ్చాయి. 1999లో ఆ పొత్తు లేదు. సిపిఐకి సున్న, సిపిఎంకు 2. అయిదేళ్లలో కూలీల కష్టాలు మారలేదు, పక్కన నిలబడ్డవాడు మారాడు.

ఓట్ల పాలును బట్టి సీట్లు ఇవ్వాలి, దామాషా పద్ధతి రావాలి అని వామపక్షాలు ఏనాటి నుండో అడుగుతున్నాయి. న్యాయమైన కోరికే. కాని కుంచం పట్టుకున్నవాడు తనంతట తాను కుంచం మార్చడు. అది మారేదాకా ఊరుకుని కూర్చోవడమూ కుదరదు.

ఓడిన ఓటు పని చేయదా?

పెద్దాయన అడిగిన ప్రశ్నకు రెండో సగం ఇది. నూటికి 31 మంది వేసిన ఓటు గాలికి పోయిందా?

1956లో, గెలిచిన కాంగ్రెసు ప్రభుత్వమే ఆంధ్ర ప్రాంత కౌలు చట్టం తెచ్చింది. 1961లో భూపరిమితి చట్టం వచ్చింది. 1973లో దానికంటె గట్టిదని చెప్పిన మరో భూసంస్కరణల చట్టం. మాగాణి అయితే 10 నుండి 27 ఎకరాలు, మెట్ట అయితే 35 నుండి 54 ఎకరాలు కుటుంబానికి గరిష్ఠమన్నారు. వీటిని ఎవరూ దయతలచి ఇవ్వలేదు. ప్రతి నూరుగురిలో 31 మంది భూమి అడుగుతున్నారని గెలిచినవాడికీ తెలుసు. ఆ లెక్క తెలిసినవాడు వాళ్ల నోరు కొంతైనా మూయించే చట్టం చేయకుండా ఉండలేడు.

అయితే చట్టం చేసినవాళ్లూ, దాన్ని తప్పించుకున్నవాళ్లూ ఒకే గడపకు చెందినవాళ్లు. భూములు కాగితం మీద చీలాయి. పాలేళ్ల పేర్లకూ, బంధువుల పేర్లకూ పట్టాలు మారాయి. చట్టం చేయించేంత బలం మన ఓటుకు ఉంది. అమలు చేయించేంత బలం సభలో లేకపోయింది. ఆ తేడా ఊళ్లో సంఘం పూడ్చిన చోట భూమి దక్కింది. సంఘం లేని చోట చట్టం బీరువాలో నిద్రపోయింది.

ఈనాటి కౌలు కార్డు కథ కూడా ఇదే. 2011లో అప్పటి ఉమ్మడి రాష్ట్రంలో కౌలుదార్లకు గుర్తింపు కార్డుల చట్టం వచ్చింది. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో పంట సాగుదారుల హక్కుల చట్టం వచ్చింది. పదకొండు నెలల ఒప్పందం, దాని మీద భూయజమాని సంతకం కావాలని ఆ చట్టం పెట్టింది. “సంతకం పెడితే నా భూమి నీదైపోతుందేమో” అని యజమాని, “సంతకం అడిగితే వచ్చే యేడు కౌలు ఇవ్వడేమో” అని కౌలుదారు – ఇద్దరి భయం మధ్య కార్డు ఆగిపోతున్నది. తెలంగాణలో 2018లో మొదలైన రైతుబంధు డబ్బు పట్టాదారు ఖాతాలో పడింది. దుక్కి దున్నిన కౌలుదారుకు రాలేదు. 2023 ఎన్నికలలో కౌలుదార్లకూ, భూమిలేని కూలీలకూ సాయం చేస్తామన్న వాగ్దానం కాంగ్రెసు ప్రణాళికలో చేరిందంటే ఆ కోపం ఓటుగా మారుతుందని లెక్క వేసినందువల్లే గదా! అడిగినవాడి ఓటు ఎంతో తెలిసినప్పుడే మాట కాగితమెక్కుతుంది. వెంటపడినప్పుడే చేతికందుతుంది.

ఇక మన పని

ఫలితాలు వచ్చినప్పుడు కార్యకర్తలు చేయవలసిన పనులు మూడు ఉన్నాయని ఆ సమావేశంలో చెప్పాం. ఇక్కడా రాస్తున్నాం.

ఒకటి: సీట్ల జాబితా చూసి ఊరుకోవద్దు. ఓట్ల లెక్క తీయండి. ప్రతి నియోజకవర్గానికీ బూతుల వారీ ఫలితాల పట్టిక ఉంటుంది. దాన్ని ఇరవయ్యో నమూనా అంటారు. మన పాలెం, మన పేట ఏ బూతులో ఉంది, అక్కడ ఎన్ని ఓట్లు ఎటు పడ్డాయి అని చూడండి. ఎక్కడ మన మాట వెళ్లలేదో ఆ పట్టికే చెపుతుంది.

ఇక్కడొక జాగ్రత్త. మనం చూడగలిగిన పట్టిక ఆసామీ కూడా చూడగలడు. పాలెం ఓట్లు ఎటు పడ్డాయో తెలుసుకుని పని మాన్పించేవాడు, కౌలు తీసేసేవాడు ఉంటాడు. బూతులను కలిపి లెక్కించే ఏర్పాటు కావాలని ఎన్నికల సంఘం 2008లోనే ప్రతిపాదించినా అది అమలుకు రాలేదు. అందుకని ఓట్ల తర్వాతి నెల రోజులు సంఘం మరింత దగ్గరగా ఉండాలి. ఒకరికి పని మాన్పిస్తే పదిమందీ అడగాలి.

రెండు: పక్కన ఎవరు నిలబడాలన్నది ఎన్నికల నెలలో తేల్చుకునే సంగతి కాదు. కూలీ, కౌలుదారు, ఎకరంన్నర రైతు – ఈ ముగ్గురూ కలిస్తే ఏ ఊళ్లోనైనా పెద్ద కుప్ప వాళ్లదే. కాని కూలి రేటు దగ్గర కూలీకీ చిన్న రైతుకూ తగవు పడుతుంది. ఆ తగవును కూర్చుని తీర్చుకోవాలి. ధర లేక రైతు, కూలి చాలక కూలీ, శిస్తు మోయలేక కౌలుదారు – ముగ్గురి కడుపులూ కొడుతున్నది ఎవరో మాట్లాడుకోవాలి. 1955లో తెగిన ముడి అక్కడే ఉంది.

మూడు: గెలిచినవాడు ఎవరైనా సరే, వాగ్దానాల కాగితం దాచిపెట్టండి. మొదటి గ్రామసభలోనే దాన్ని తీసి చదవండి. “అయ్యా, కౌలు కార్డు అన్నారు, ఇంటి స్థలం అన్నారు, ఎప్పుడిస్తారు?” అని అడగండి. మనం ఓటు వేయనివాడు గెలిచినా అడిగే హక్కు పోదు. వేసినవాడు గెలిచినా అడగవలసిన పని తప్పదు.

సమావేశం అయిపోయాక పెద్దాయన మమ్మల్ని కాలువ గట్టు దాకా సాగనంపాడు. ఆ రోజుల్లో ప్రతి అభ్యర్థికీ వేరే పెట్టె ఉండేదనీ, పెట్టెకు బొమ్మ అంటించేవారనీ, చీటీ తీసుకుపోయి ఆ పెట్టెలోనే వేసేవారనీ కుర్రాళ్లకు చెప్పాడు. ఆ బొమ్మ మర్చిపోకూడదని వాళ్ల నాయన పొద్దున్నే ఒక కంకి కోసుకుని రుమాలులో దోపుకుని పోయాడట.

“అయితే మా నాయన ఓటు దండగ కాలేదంటావు?” అన్నాడు చివరికి.

“కాలేదు తాతా. లెక్కలో ఉంది,” అన్నాం. “దాని పక్కన ఇంకో ఇరవై చేరలేదు, అంతే.”

ఆయన కుర్రాళ్ల వైపు తిరిగాడు. “విన్నారుగా! ఆ ఇరవై ఎవరిళ్లలో ఉన్నయ్యో రేపు పొద్దున నించీ చూడండి,” అన్నాడు.

మేము చెప్పదలచుకున్నదీ అదే.